మూడు ఇకారాలు

మా అల్లుడు చక్రధర్ సీతంగరువు మున్సిపాలిటీలో పదకొండో వార్డు కౌన్సిలర్‌గా నిలబడుతున్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. వాడు పరాయివాడేం కాదు, నా తమ్ముడి కొడుకే. నేను తెలుగు చెప్పిన బడిలోనే చదివాడు. వ్యాసం రాసుకురమ్మంటే ఖాళీ పుస్తకం తెరిచి, రాసినవాళ్లకంటే గట్టిగా, తడుముకోకుండా చదివేసేవాడు. పట్టుకున్నా నవ్వేవాడు. అలాంటివాడు రాజకీయాల్లోకి కాక ఇంకెక్కడికి పోతాడు?

"అత్తా, వార్డు జనానికి మూడే కావాలి," అన్నాడు ఓ ఆదివారం ఉప్మా తింటూ. "ఒకటి ఇల్లు. రెండు ఇంటర్నెట్టు. మూడు, ఇల్లు లేనివాళ్లు రోడ్ల మీద అడ్డంగా కనపడకుండా ఉండటం. మూడూ ఇ తోనే మొదలయ్యాయి చూశావా? దీన్ని తెలుగులో ఏదో అంటారు కదా."

"ఇకారం అంటారు," అన్నాను.

ఆ మాట పట్టుకుపోయాడు. 'పదకొండో వార్డుకు మూడు ఇకారాలు' అని గోడలన్నిటి మీదా రాయించమన్నాడు. గోడలు రాసే మనిషికి ఇకారం అనే మాట ఎప్పుడూ తగల్లేదు. అభ్యర్థిగారు తప్పు చెప్పారనుకుని తనే దిద్ది, బస్టాండు గోడ నుంచి చేపల మార్కెట్టు దాకా 'మూడు వికారాలు' అని నీలిరంగులో బొద్దుగా రాసి పారేశాడు. చక్రధర్ తల పట్టుకుని సున్నం కొట్టించాడు. నన్నడిగితే అలాగే ఉంచమనేదాన్ని. ఆ ఎన్నికల్లో మా వార్డు గోడల మీద కనిపించిన నిజం అదొక్కటే.

ఇళ్ల సంగతి మాటలతో నెట్టుకురావచ్చు. ఇంటర్నెట్టు అలా కాదు, ఉందో లేదో చంటిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. మా వార్డు కొండ వాలున ఉంది, టవర్లన్నీ కొండకు అవతల ఉన్నాయి. ఫోను పట్టుకుని జనం డాబాలెక్కి దిక్కులు చూస్తుంటారు. ఆ అవసరమే మా అల్లుణ్ణి పెళ్లాం ప్రయోగశాలలోకి నడిపించింది.

మా అమ్మాయి హైమ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఇల్లు నాది, వెనక వరండా మూసి చేసిన గది దానిది. ఆ గదిలో అది కొన్నేళ్లుగా ఒక పట్టీ మీద పనిచేస్తోంది. పురిటినొప్పులొచ్చినా అంబులెన్సుకు ఫోను చెయ్యలేని కొండమీది ఊళ్ల కోసం మొదలుపెట్టిన పని అది. పట్టీని పశువు వీపు మీద అంటిస్తే, ఒంటి వేడితోనే నడుస్తూ, ఒక పశువు నుంచి ఇంకో పశువుకు సిగ్నల్ అందిస్తూ పోవాలి. మేసే మందంతా కలిసి ఒక టవరు. చక్కని ఆలోచన, కాదనను.

మొదటి పరీక్ష పక్కింటి భుజంగరావుగారి ఆవు మీద జరిగింది. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఎవరి జోలికీ పోరు, మాకు పాలు పోస్తారు. ఆవు వీపున పట్టీ అంటించగానే మా పెరట్లో ఎన్నడూ రాని సినిమా పాట ఫోనులో గడగడా వచ్చేసింది. ఆవు గడ్డి కోసం అవతలికి నడిచింది. పాట ఆగింది.

"కదిలేదైతే కష్టమే," అంది హైమ. అని, ఎవరికీ చెప్పకుండా పట్టీని తన వీపుకే అంటించుకుని డాబా మీద కూర్చుంది. వార్డు సగానికి సిగ్నల్ వచ్చింది. మే నెల మిట్టమధ్యాహ్నం నా కూతురు దంతాలు టకటకా కొట్టుకుంటూ మెట్లు దిగి వచ్చి నా శాలువా కప్పుకుంది.

"ఒంట్లో వేడి లాగేస్తుందమ్మా," అంది. "కాసేపైతే ఫరవాలేదు. రోజంతా అయితే మనిషికి పనికిరాదు. పైగా శ్లాబు కిందికి వస్తే సిగ్నల్ పోతోంది. ఆకాశం కనపడాలి."

చక్రధర్ గుమ్మంలో నిలబడి విన్నాడు. పనికిరాదన్న మాట వాడి చెవికి ఎక్కలేదు.

"అయితే పొద్దస్తమానం ఆరుబయట, ఒకేచోట, కదలకుండా కూర్చునే మనిషి కావాలన్నమాట," అన్నాడు.

అంటూనే వాడి ముఖం వెలిగిపోయింది. మూడో ఇకారాన్ని తీసుకెళ్లి రెండో ఇకారం కింద కూర్చోబెడితే సరిపోతుందని వాడికి తట్టింది.

*

బస్టాండు ముందు, ఎండలో, నూకాలు కూర్చునేది. అయిదు పదులు దాటిన మనిషి. ఏటిగట్టు వీధిలో ఆమె ఇల్లు వరదకు కూలిపోయింది. ఆ వీధి స్థలం ఏటిదని తేల్చి అధికారులు చేతులు దులుపుకున్నారు. ఈతాకు చీపుర్లు కట్టి అమ్ముకుంటూ, చీకటి పడ్డాక బస్టాండు చూరు కింద తలదాచుకునేది. తెల్లారకముందే నీళ్లు కొట్టి కడుగుతారు కాబట్టి రోజూ కాలితో తట్టి లేపేవాళ్లు.

చక్రధర్ ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. నేనూ హైమా పక్కనే ఉన్నాం.

"చూడు నూకాలమ్మా, వీపు మీద చిన్న పట్టీ. బరువుండదు. ఇక్కడే కూర్చోవాలి. రెండు పూటలా భోజనం నాది. నేను గెలిస్తే నీకు ఇల్లు."

"ఇల్లంటే నాకొక్కదానికేనా బాబూ?"

"నీకొక్కదానికే."

"పడుకున్నాక ఎవులూ లేపరు గదా?"

"ఎవడు లేపుతాడో చూస్తాను."

నూకాలు మా అమ్మాయి వైపు తిరిగింది. "సదువుకున్నోరు మీరు సెప్పండమ్మా. ఒంటికేటీ అవదు గదా?"

హైమ తడబడింది. "కొంచెం చలేస్తుంది. ఎక్కువైతే నాకు చెప్పు, తీసేస్తాను."

"ఈ ఎండలో సలేత్తే మంచిదే గదమ్మా," అని నవ్వి, నూకాలు వీపు తిప్పింది.

ఇంటికొచ్చాక కూతుర్ని నిలదీశాను. "నువ్వే కదటే మనిషికి పనికిరాదన్నావు?" అంటే, అది నా కళ్లలోకి చూడకుండా జవాబు చెప్పింది. "మనుషుల మీద పనిచేసిందని చూపిస్తేనే అమ్మా, పై పరిశోధనకు అనుమతి వచ్చేది. కొండమీద ఒక్క బాలింత ప్రాణం నిలిచినా చాలదా?" దాని మాటలో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

మార్కెట్టు దగ్గర ఒకరికి, రైలుగేటు దగ్గర ఇంకొకరికి, అలా దిక్కులేని వాళ్లందరికీ పట్టీలు పడ్డాయి. వారం తిరక్కుండానే వార్డు మారిపోయింది. అరుగుల మీద ముసలివాళ్లు హరికథలు చూస్తున్నారు, కుర్రాళ్లు ఆటలాడుతున్నారు. భుజంగరావుగారి మనవరాలు వరండాలో కూర్చుని ఎక్కడో పట్నంలో చెప్పే లెక్కల పాఠం వింటోంది. ఓటు ఎవరికని అడిగే అవసరమే లేకుండా పోయింది.

జనం ఆ మనుషులను పేర్లతో పిలవడం మానేశారు. అసలు పేర్లు ఎవరికి తెలుసు కనుక? "ఇవాళ మార్కెట్టు కొంచెం నీరసంగా ఉంది," "రైలుగేటు ఫరవాలేదు," "బస్టాండు బ్రహ్మాండంగా లాగుతోంది" అనుకునేవాళ్లు. ఒంట్లో వేడి పెరిగితే నెట్టు వేగం పెరుగుతుందని ఎవడో కనిపెట్టాడు. ఆ రోజు నుంచి క్రికెట్ మ్యాచ్ ఉంటే చాలు, నూకాలు ముందు మిరపకాయ బజ్జీలు, పొగలు కక్కే టీ. తిను తిను అని బతిమాలడం. మ్యాచ్ లేని రోజు పలకరింపు కూడా ఉండదు. ఒకాయన ఎర్రటి ఎండలో ఆమెకు రగ్గు కప్పి పోయాడు. పుణ్యానికి కాదు, వాళ్లింట్లో కొత్త సినిమా మధ్యలో ఆగిందట.

నేను చూడ్డానికి వెళితే నూకాలు చీపుర్లు కట్టడం మానేసి ఉంది. వేళ్లు వంగడం లేదంది.

"పట్టీ పీకీమంటావా?" అని అడిగాను, ఆమె యాసలోనే.

"వద్దమ్మా. ఇల్లొచ్చీదాకా ఓరుసుకుంతాను. ఇన్నాల్లు ఓరిసినాను గదా."

*

మధ్యాహ్నం భోజనాల వేళ మా ఇంట్లో ప్రచారం మనుషులు కూర్చుని ఉండగా చక్రధర్‌కు ఫోను వచ్చింది. స్పీకర్లో పెట్టాడు.

"సార్, బస్టాండ్ పడిపోనాది."

"ఆపి మళ్లీ పెట్టండిరా," అన్నాడు వాడు పప్పు కలుపుకుంటూ.

"కాదు సార్. పడిపోనాది."

"అదే చెబుతున్నా. ఒకసారి తీసి అంటించండి, వచ్చేస్తుంది."

"మనిసి పడిపోనాది సార్."

చక్రధర్ ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "అలాగా," అన్నాడు. తరవాత, "సిగ్నల్ ఉందా?" అని అడిగాడు.

నేనూ హైమా చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తాం. బస్టాండు దగ్గర పెద్ద గుంపు. ఆమెకోసం వచ్చారనుకున్నాను. గుంపులో ఎవరూ ఆమెను చూడటం లేదు, ఫోన్లు చూసుకుంటున్నారు. ఇద్దరు కుర్రాళ్లు ఆమెను చంకల కింద పట్టి లేపి స్తంభానికి ఆనించారు. తల ఒక పక్కకు వాలితే ఇంకొకడు సరిచేశాడు. "ఆ, వచ్చింది, వచ్చింది," అన్నారు వెనక నుంచి. రావలసింది వచ్చేసింది కాబట్టి ఎవరిదారిన వాళ్లు పోయారు. మంచినీళ్లు తెచ్చింది సోడా బండి అమ్మాయి ఒక్కతే.

చెయ్యి పట్టుకుంటే కుండలో నీళ్లంత చల్లగా ఉంది. పట్టీ చుట్టూ చర్మం పగిలి చీము పట్టింది. నాకు వాంతి వచ్చినంత పనైంది. పుండును చూసి కాదు. పట్టీకి ఒక మూల, ఊడిపోకుండా, ఎవరో సెల్లోటేపు అంటించారు. ఆ శ్రద్ధ చూసి.

హైమ ఆ సాయంత్రం మొగుడితో గట్టిగానే మాట్లాడింది. "ఇంక ఒక్కరోజు కూడా కుదరదు. ఇల్లిస్తానన్నావు, ఇచ్చెయ్యి. పట్టీలు నేను తీసేస్తాను."

"ఇల్లిస్తే లోపలికి పోతుంది," అన్నాడు చక్రధర్. "లోపలికి పోతే నెట్టు పోతుంది. ఇల్లు లేదు కాబట్టే కదా బయట కూర్చుంది."

వాడు ఆ మాట ఏమాత్రం సిగ్గు లేకుండా, లెక్క చెబుతున్నట్టు అన్నాడు. ఆ వెంటనే కప్పు సంగతి ఎత్తాడు.

"రేకు వేస్తే సిగ్నల్ పోతుందా?"

"పోతుంది," అంది హైమ.

"తాటాకు?"

"తడిస్తే పోతుంది."

"ఏమీ వెయ్యకపోతే?"

నేను హైమ ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను, వద్దంటుందేమోనని. పుండ్లకు మందు రాస్తాననీ, పగలు కాసేపు పట్టీకి విరామం ఇవ్వాలనీ ఏవో షరతులు చెప్పింది. చక్రధర్ అన్నిటికీ తల ఊపాడు. షరతులకు ఒప్పుకోవడంలో వాడంత మంచివాడు లేడు.

*

వాటికి 'ఆకాశ గృహాలు' అని పేరు పెట్టాడు. ఎన్నికల ముందు తన పేరు మీద ఇళ్లిస్తే తప్పని, ఒక సేవాసంఘం పేరు మీద మొదటిది కట్టించాడు. పోలింగుకు రెండు రోజుల ముందు గృహప్రవేశం పెట్టాడు. వార్డు వార్డంతా వచ్చింది.

చూడముచ్చటగా ఉందని చెప్పక తప్పదు. కింద నున్నటి టైల్సు, గోడలకు లేత పసుపురంగు, గుమ్మానికి మామిడి తోరణం, గడపకు పసుపు కుంకుమ. గోడ మీద ట్యూబులైటు కూడా ఉంది. తల పైకెత్తితే మబ్బులు కనిపిస్తున్నాయి. కప్పు లేదు. కప్పు కోసం కట్టిన ఆనవాళ్లు కూడా లేవు. వచ్చినవాళ్లు లోపలికి వెళ్లి, పైకి చూసి, ఒక్క క్షణం ముఖాలు చిట్లించి, మళ్లీ సర్దుకుని, "గాలి బాగా ఆడుతోంది," అంటూ బయటికొచ్చారు. ఒకావిడైనా ముక్కున వేలేసుకుంటుందేమోనని చూశాను. లేదు.

చక్రధర్ మైకు పట్టుకున్నాడు. "ఇల్లంటే ఏమిటి? రాళ్లా, సిమెంటా? కాదు. ఇల్లంటే ఒక అడ్రసు. నిన్నటిదాకా నూకాలమ్మకు అడ్రసు లేదు, ఇవాళ ఉంది. ఇంటర్నెట్టు అందరి హక్కు. ఆ హక్కును మనకిస్తున్నది ఎవరు? మనం ఇన్నాళ్లూ పక్కకి తప్పుకుని నడిచిన ఈ అమ్మ. ఈ వార్డులో ఇంక ఇల్లు లేనివాళ్లు అనే మాట వినపడదు."

నిజమే, మాట వినపడదు. చప్పట్లు మోగాయి. రాలేనివాళ్లంతా ఆ సభను ఇళ్లలోంచి ఫోన్లలో చూస్తున్నారు. చూపిస్తున్నది నూకాలు వీపే.

ఆమెకు కొత్త చీర కట్టించారు. పుండ్ల మీద దూది పెట్టి, దాని మీద పట్టీ మార్చారు. ఇటుకల పొయ్యి మీద కొత్త గిన్నెలో పాలు పెట్టి, తూర్పుకి తిప్పి కూర్చోబెట్టారు. పాలు పొంగితే ఇంటికి శుభమని, ఫోన్లు ఎత్తి పట్టుకుని అందరూ గిన్నెవంకే చూస్తున్నారు. పుల్లలు పచ్చివేమో, మంట సరిగా అంటుకోలేదు. నూకాలు గొట్టంతో ఊదబోయింది గానీ ఊపిరి అందలేదు.

అంతలో వాన దిగింది. కొండవైపు నుంచి వచ్చే వాన మా ఊళ్లో చినుకులతో మొదలవదు, ఒక్కసారే పడుతుంది. వచ్చినవాళ్లు షామియానా కిందికి పరుగెత్తారు. చక్రధర్ మీద ఎవరో గొడుగు పట్టారు. గోడల మధ్య నూకాలు ఒక్కతే మిగిలింది. పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. గిన్నెలో వాన పడుతోంది. పాలు పలచబడుతూ, అంచు దాకా లేచి, నాలుగు వైపులా కారాయి.

"పొంగాయి, పొంగాయి," అన్నాడు చక్రధర్ మైకులో. షామియానా కింద అందరూ చప్పట్లు కొట్టారు. ఊరందరి ముందూ, ఆరిపోయిన పొయ్యి మీద, వాననీళ్లు పొంగాయని చప్పట్లు కొట్టారు. వాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు సగం మంది ఉన్నారు.

నేను తడుస్తూ లోపలికి వెళ్లాను. నూకాలు గిన్నెనే చూస్తోంది.

"పొంగనేదమ్మా," అంది మెల్లగా. "నిండిపోనాది, అంతే."

వెనకే హైమ వచ్చింది. చేతిలో సిగ్నల్ కొలిచే పరికరం, దాని మీద ప్లాస్టిక్ సంచి. కళ్లలో ఆశ్చర్యం. "అమ్మా, తడిస్తే తగ్గాలి. పెరిగింది చూశావా? ఒళ్లు తడిస్తే ఇంకా..." అని నా ముఖం చూసి ఆగిపోయింది.

నా కడుపున పుట్టిన పిల్లను చూసి నాకు అసహ్యం వేసింది. ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ వేసింది. నూకాలు చెయ్యి పట్టుకుని లేపాను. "పద," అన్నాను. "ఎక్కడికమ్మా? ఇదే గదా ఇల్లు," అంది పిచ్చిది. జనం మధ్య నుంచి నడిపించుకుపోయాను. మైకు నన్ను "అత్తా, అత్తా" అని పిలిచింది. వెనక్కి తిరగలేదు.

మా నడవలో మంచం వేసి, పొడిచీర కట్టించి పడుకోబెట్టాను. ఆమె చాలాసేపు కళ్లు తెరుచుకునే పడుకుంది. పైన శ్లాబు మీద వాన మోగుతూంటే వింటోంది. ఒక్క చుక్క కూడా తన మీద పడకపోవడం నమ్మలేనట్టు రెండుసార్లు ముఖం తడుముకుంది. ఆ తరవాత నిద్రపోయింది.

కాసేపటికి హైమ వచ్చింది, నిలువెల్లా తడిసి. గోరువెచ్చని నీళ్లు, కొబ్బరినూనె తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది. నూకాలును లేపకుండా, చర్మం ఊడకుండా, ఒక్కో అంచే నానబెట్టి పట్టీ తీసింది. తీస్తూ ఏడ్చింది. నేను ఓదార్చలేదు, వెళ్లగొట్టనూ లేదు.

వాన తెరిపి ఇచ్చేసరికి గేటు దగ్గర మనుషులు కనిపించారు. అరుపులు లేవు, గొడవ లేదు. అందరూ తెలిసినవాళ్లే, మర్యాదస్తులే. ముందు భుజంగరావుగారు నిలబడి ఉన్నారు, పక్కన మనవరాలు. నేను గుమ్మంలోకి వెళ్లాను.

"టీచరు గారూ, ఏమీ అనుకోకండి," అన్నారాయన చేతులు జోడించి. "ఆవిడ లోపలుందేమో, మన వైపు మొత్తం ఆగిపోయింది. పిల్లకి సాయంత్రం పరీక్ష. కాసేపు ఆవిణ్ణి మీ వాకిట్లో కూర్చోబెడితే చాలు. గొడుగు మేమే పట్టుకుంటాం."

"నిద్రపోతోంది," అన్నాను.

"లేపితే లేస్తుంది కదండీ. అలవాటైన మనిషే."

"పట్టీ తీసేశాం."

గేటు అవతల చిన్న గుసగుస నడిచింది. భుజంగరావుగారు వాళ్లతో సంప్రదించి మళ్లీ ఇటు తిరిగారు. "పోనీ ఆ పట్టీ ఇవ్వండి. ఇంకెవర్నైనా చూసుకుంటాం."

హైమ నా వెనకే వచ్చి నిలబడింది. దాని అరచేతిలో పట్టీ ఉంది, నూనె కారుతూ, లోపలివైపు కొంచెం చర్మం అంటుకుని. దాని చేతిలోంచి అందుకుని గేటు దగ్గరికి వెళ్లి, ఆయన ముఖం ముందు పట్టుకున్నాను.

"తీసుకోండి. మీ వీపుకు అంటించుకుని మీ వాకిట్లో కూర్చోండి. అమ్మాయి పరీక్ష అయ్యేదాకా చాలు."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. కోపం కాదు, నటన కాదు. నేను ఏదో అర్థంలేని మాట అన్నట్టు, పెద్దవయసు వల్ల మతి తప్పిందేమోనన్నట్టు, జాలిగా నా వైపు చూశారు.

"అదేమిటి టీచరు గారూ," అన్నారు, "మాకు ఇళ్లున్నాయి కదా."